ఆదివారం తలుపు తట్టే ఇంటావిడ

చిక్కడపల్లిలో గది కిరాయికి అడిగేటప్పుడు, క్రైస్తవుడినని చెప్పొద్దని స్నేహితుడు మరీ మరీ హెచ్చరించాడు. ఇంటావిడ అడగనే అడిగింది. దాచబుద్ధి కాలేదు, ప్రతి ఆదివారం చర్చికి వెళ్తానన్నాను.

"మంచిదే. మందు, సిగరెట్ ఉండయి గదా!" అని తాళంచెవి చేతిలో పెట్టింది. ఆ మాటతో, బీరు తెస్తామన్న మిత్రులను గుమ్మం కూడా ఎక్కనివ్వలేదు.

ఒక ఆదివారం చర్చి ఎగ్గొట్టి, అశోక్ నగర్ కోచింగ్ సెంటర్‌లో మోడల్ టెస్ట్ రాద్దామని పుస్తకాలు సర్దుకున్నాను. ఆమె తులసికోట దగ్గర దీపం పెట్టి వచ్చి నా తలుపు తట్టింది.

"ఏంది, ఇంక బైబిల్ పట్టుకోలే? చర్చికి టైమ్ అయితలేదా?"

ఒళ్లు మండింది. పాస్టర్ గారికైతే ఏదో ఒక సాకు చెప్పేవాణ్ణి. ఆమెకు చెప్పలేక, పుస్తకాలు పక్కనపెట్టి బైబిల్ తీసుకున్నాను.