గాజుపుల్ల చూపిన నీళ్లు

1958 చలికాలం. కొల్లాపూర్‌కు పోయే బాట మీద మా ఊరు. ఊరి చివర పది మంచాల సర్కారు దవాఖాన, దాని వెనుక గోడకు ఆనుకుని మా బర్రెల కొట్టం. కాన్పయిన తల్లులకు, లేవలేని రోగులకు పొద్దున్నే నాలుగు శేర్ల పాలు పోసే వాడిక మాది. వాడిక అంటే రోజూ తప్పకుండా పోసే పాలు. ఇంకో నాలుగు శేర్లు మూడు మైళ్ల అవతలి పల్లె నుంచి పెంటయ్య కావడిలో తెచ్చేవాడు.

పాలు పిండేది నేను. చెంబులు తోమి బోర్లించేది మా అత్త. పిండిన చెంబును కింద పెట్టకుండా, నురగ చావకముందే దవాఖానకు చేర్చడం నా అలవాటు. నీళ్లు కలిస్తే నురగ నిలవదని మావాళ్ల లెక్క. అందుకే వెచ్చటి పాల మీద నురగను చూపించి పోయడం మాకు ఒట్టు వేసినంత పని.

ఆ ఏడు కొత్తగా వచ్చిన డాక్టర్ సాబ్ లాక్టోమీటర్ తెచ్చాడు. కింద బుడ్డి, పైన సన్నటి కాడ ఉన్న గాజుపుల్ల అది. చిక్కటి పాలలో పైకి తేలుతుంది, నీళ్లు కలిసిన పాలలో లోపలికి దిగుతుంది. మంచి పాలకు ఎంతవరకు మునగాలో కాడ మీద గీత ఉంటుంది.

మొదటి రోజు కాంపౌండర్ సత్తార్ సాబ్ నా పాలలో పుల్ల వేశాడు. గీత మునిగి, కాడ ఇంకా కిందికి పోయింది. పెంటయ్య పాలలో సరిగ్గా గీత దగ్గర నిలబడింది.

"కొమురమ్మా, గిదేంది? నీ మీద నాకెన్నడు అనుమానం రాలే," అన్నాడు సత్తార్ సాబ్.

"సాబ్, నీళ్ల చుక్క వడలే. ఇంకోపారి చూడు."

ఇంకోసారి వేసినా అంతే. పెంటయ్య కావడి దించి నవ్వాడు. "అక్కకు దవాఖాన బాయి పక్కనే ఉండె. నేను మూడు మైళ్లు నీళ్లు మోస్తనా ఏంది?"

ఇంటికొచ్చి చెప్తే మా ఆయన బీరయ్య నా మొహమే చూశాడు. "నిజం చెప్పు. పాలు చాలక కలిపినవా?" అన్నాడు. ఏడేళ్ల కాపురంలో అట్లా అడగడం అదే మొదలు. నా మీద పడ్డ అనుమానాన్ని ఎవరి మీదనో దింపితే గాని నాకు ఊపిరాడేట్టు లేదు. ఇంట్లో చెంబు ముట్టేది ఇంకొకరే, మా అత్త.

మరునాడు చెంబులు నేనే తోమి, గుడ్డతో తుడిచి, ఎండబెట్టాను. అత్త చూసి అడిగింది.

"ఏందే పిల్లా, నేను తోమితే పోదా?"

"అడుగున నీళ్లుంటున్నయత్తా."

"ఉంటున్నయా, ఉంచుతున్ననా?"

నేను తుడిచిన చెంబునే మళ్లీ తుడిచాను. అదే నా జవాబయింది. ఆమె ఆ రోజు నుంచి కొట్టంలోకి రాలేదు.

ఎండిన చెంబులో పిండినా పుల్ల మునిగింది. నాలుగు రోజులు చూసి డాక్టర్ సాబ్ పిలిచాడు. "బాలింతలకు నీళ్లు తాపుతమా? రేపటి నుంచి నీ వాడిక బంద్."

వాడిక పోతే ఇంకో ఇల్లు చూసుకోవచ్చు. కానీ నీళ్ల పాల కొమురమ్మ అని పేరు పడితే ఏ ఇల్లూ గిన్నె పట్టదు.

"సాబ్, బర్రెనే తోలుకొస్త. మీ కండ్ల ముంగట పిండుత. అప్పుడు గూడ నీళ్లంటే నేను మల్ల ఈ గడప తొక్క," అన్నాను.

పొద్దున్నే దవాఖాన ముంగిట బర్రెను కట్టేశాను. రోగులు గొంగళ్లు కప్పుకుని వచ్చి చుట్టూ నిలబడ్డారు. సత్తార్ సాబ్ చెంబు బోర్లించి, లోపల వేలు తిప్పి చూసి ఇచ్చాడు. వెంట తెచ్చిన దుడ్డెను, అంటే దాని దూడను, పొదుగుకు వదిలాను, బర్రె పాలు చేపింది, చెంబు నిండా పిండాను. పుల్ల వేశారు. మునిగింది.

"బర్రె తాగిన నీళ్లు తిన్నగ పొదుగులకే దిగినట్టున్నయ్," అన్నాడు పెంటయ్య. అందరూ నవ్వారు. డాక్టర్ సాబ్ నవ్వలేదు, నా చేతుల వంక, కొంగు వంక చూస్తున్నాడు. అంతలో లోపల కాన్పు నొప్పులని పిలిస్తే వెళ్లిపోయాడు.

నేను చెంబు పక్కనే గచ్చు మీద కూర్చున్నాను. నన్ను కనిపెట్టుకుని సత్తార్ సాబ్ కూర్చున్నాడు. చలిగాలి కొడుతూనే ఉంది. డాక్టర్ సాబ్ తిరిగొచ్చేసరికి రెండు గంటలు గడిచాయి. పాలు పారబోయమని చెప్పబోయి, ఎందుకో మళ్లీ పుల్ల వేశాడు. అది తేలి గీత దగ్గర నిలబడింది.

"ఏం కలిపినవ్?" అన్నాడు నాతో.

"నేను ఈడికెళ్లి కదల్లే సాబ్. ఆమె చెంబు ముట్టలే," అన్నాడు సత్తార్ సాబ్.

డాక్టర్ సాబ్ చెంబును రెండు చేతులతో పట్టుకున్నాడు. పాలు చల్లగా ఉన్నాయి. దుడ్డెకని పిండకుండా విడిచిన చన్నును ఇప్పుడు ఒక గిన్నెలోకి పిండమన్నాడు. వెచ్చటి పాలలో పుల్ల మునిగింది. ఆ గిన్నెను బావినీళ్ల బకెట్‌లో పెట్టించి, చల్లారాక వేస్తే తేలింది.

అప్పుడు విడమరచి చెప్పాడు. వేడికి ఏ వస్తువైనా ఉబ్బుతుంది, పాలైనా అంతే. ఉబ్బిన పాలు పలచనై పుల్లను పైకి ఎత్తలేవు. నురగలో ఉన్న గాలి దాన్ని ఇంకాస్త దించుతుంది. పుల్ల మీద గీతలు చల్లటి పాలకు గీసినవి. పెంటయ్య పాలు మూడు మైళ్లు నడిచి చల్లారి వస్తున్నాయి, నావి పొదుగు వేడితో వస్తున్నాయి.

"నాదే పొరపాటు. అనుమానం ముందు వచ్చింది, తెలివి తర్వాత వచ్చింది," అని వాడిక నిలబెట్టాడు.

ఇంటికి పోయి అత్తకు అంతా చెప్పాను. ఆమె వింటూ జొన్నలు చెరుగుతోంది. చేట ఆపలేదు.

"గాజుపుల్ల చెప్పింది తప్పు అని తేలనీకె గంత పెద్ద డాక్టరు రెండు గంటలు ఆగిండు. నువ్వు నన్ను ఒక్క మాట అడగనీకె ఆగలే," అంది.

ఆ తర్వాత ఎన్నో ఏళ్లు పాలు పోశాను. పాలను చల్లార్చి కొలిపించడం ఒక్క రోజులో నేర్చుకున్నాను. మా అత్త మళ్లీ నా చెంబు ముట్టడానికి ఉగాది దాటింది.