వీపు లేని రాకెట్టు

మోల్డింగ్ మేస్త్రీ వీరరాఘవయ్య ఫిల్మ్‌నగర్లో కట్టని కోట లేదు. అన్నీ థర్మకోల్‌వీ, ప్లాస్టర్‌వీ. షూటింగ్ అయిన మర్నాడే కూల్చేసేవారు. యూసుఫ్‌గూడ ఇంట్లో ఉండే భార్య సీతామహాలక్ష్మి ఒక్కదాన్నీ చూసి ఎరగదు. "నేనొస్తానన్న రోజుకే పీకేస్తారు కదా మీవాళ్ళు" అని దెప్పేది. ఆయనకు మిగిలిందల్లా ఆ పొడి పేరుకున్న ఊపిరితిత్తులు.

అందుకే, అంతరిక్షయానానికి గుర్తుగా జూబ్లీహిల్స్ మలుపులో నిలబెట్టే శిల్పం పనిని ఆర్ట్ డైరెక్టర్ సిద్ధార్థ తనకు అప్పజెప్పగానే ఆయన పొంగిపోయాడు. "సెట్టు కాదే మాలక్ష్మీ! మనం పోయినా ఉంటుంది. పూర్తవగానే తీసుకెళ్తా."

రాకెట్టంటే అచ్చం రాకెట్టూ కాదు. ఒకదాన్లోంచి ఒకటి దూసుకుపోయే ఫైబర్ చుట్లు, నడుమ ఆకాశంలోకి సాగిన మొన. మేస్త్రీ దగ్గుతూ దగ్గుతూ దాన్ని అద్దంలా రుద్ది వెండిరంగు వేశాడు, రోడ్డు వైపు. వెనక చెక్కలూ మేకులూ అలాగే వదిలేశాడు. కెమెరా చూడనిదానికి రంగెవడు వేస్తాడు? సిద్ధార్థ గీసిచ్చిన బొమ్మలోనూ ముందువైపే ఉంది. చూడ్డానికొచ్చిన ఆయన కూడా ముందే నిలబడి, వేళ్ళతో ఫ్రేమ్ పట్టి, "అదిరింది బాబాయ్" అనేసి వెళ్ళాడు.

ఆవిష్కరణ రోజు ముఖ్య అతిథి భార్య, సెల్ఫీకి ఎండ పడుతోందని నీడ కోసం వెనక్కి వెళ్ళింది. వెళ్ళినామె పట్టుచీర కొంగు మేకుకు చిక్కుకుని అక్కడే ఉండిపోయింది. "అయ్యో, ఇటేమీ లేదేంటండీ!" అన్న కేక మైకులో కూడా వినబడింది.

తప్పు ఇద్దరిదీ. తిట్లు ఒక్కడికే.

"వెనకెందుకు చెయ్యలేదు బాబాయ్?" అని అరిచాడు సిద్ధార్థ.

"అటు కెమెరా పెడతారని మీరు చెప్పలేదు కదండీ" అన్నాడు మేస్త్రీ, నిజంగానే. "కొంచెం టైమివ్వండి సార్, చేసేస్తాను."

"చూద్దాంలే."

చూద్దాం చూద్దామంటుండగానే వానలొచ్చాయి. వెనకనుంచి నీళ్ళు దిగి చెక్క ఉబ్బింది. మేస్త్రీ ఆసుపత్రిలో పడ్డాడు. భార్య ఎప్పుడడిగినా, "వీపు మిగిలుందే, అయ్యాక" అనేవాడు. సగం పని పెళ్ళానికి చూపించడం నామోషీ.

ఇక ఇంటికి తీసుకెళ్ళిపొమ్మని డాక్టరు చెప్పిన రోజు, ఆటో ఎక్కుతూ ఆయనే అన్నాడు: "అటుగా పోదాం పద. ముందువైపైనా చూద్దువుగాని."

మలుపులో క్రేన్ ఉంది. చుట్లు అప్పటికే విప్పేసి నేలమీద పడేశారు. మొన ఒక్కటే తాడుకు వేలాడుతోంది, చెక్కల వీపు ఇటు పెట్టి.

"జర దూరం ఆపన్నా, మీద పడ్తది!" అని కూలీ తిరుమలేశ్ ఆటోవాణ్ణి అదిలించాడు.

సీతామహాలక్ష్మి తొంగి చూసింది. "ఏవండీ, ఇదీ సెట్టేనా?"

దెప్పలేదావిడ. తెలియకే అడిగింది.

గాలికి మొన కాస్త తిరిగితే వెండివైపు కనబడుతుందని మేస్త్రీ కళ్ళప్పగించి కూర్చున్నాడు. అది తిరిగేలోపే వెనక కార్లు హారన్లు కొట్టాయి. ఆటో కదిలిపోయింది.