లోపల గడియ ఉన్న బండి

జమీలా గురించి రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. నోటితో చెప్పబోతే మా ఊళ్లో "రాజనర్సు దుబాయ్ ముచ్చట్లు మొదలువెట్టిండు" అని లేచిపోతారు. నేనున్నది దుబాయ్ కాదు, ఖతర్. ముప్పై ఏళ్లుగా దిద్దుతున్నాను, ఇంకా దిద్దుతూనే ఉన్నాను.

ముందు నా సంగతి రెండు ముక్కలు చెప్పాలి. లేకపోతే ఆ రోజు నాకెందుకంత సిగ్గయిందో మీకు తెలియదు. జగిత్యాల దగ్గరి పల్లెలో ఏడో తరగతి దాకా చదివాను. ఆ చదువుతోనే 1991లో దోహాలో దిగి, నీళ్ల ట్యాంకరుతో మొదలుపెట్టి, పెద్ద ట్రైలరు దాకా ఎదిగాను. ప్రపంచకప్పుకు స్టేడియాలు లేస్తున్న ఏళ్లలో వాటి ఇనుప దూలాలు మోసిన బండ్ల వరుసలో ముందు బండి నాదే. ఒక్క యాక్సిడెంటు లేదు. కంపెనీ మూడుసార్లు సేఫ్టీ సర్టిఫికెట్ ఇచ్చింది. మూడింటికీ అద్దం కట్టించాను. పాత బండి కొనాలంటే ఉమ్ సలాల్ నుంచి ముఐథర్ దాకా మనవాళ్లు ముందు నాకే ఫోన్ చేసేవారు. ఇంజను చప్పుడు వింటే చాలు, ఎన్నేళ్లు నడిచిందో చెప్పేవాణ్ణి.

జానీ, జమీలా భార్యాభర్తలు, రాయచోటి వాళ్లు. జానీ ఉమ్ సలాల్‌లో అబూ నాసర్ అనే ఖతరీ ఇంట్లో డ్రైవరు. జమీలా ముఐథర్‌లో వేరే వాళ్లింట్లో వంటమనిషి. మధ్యలో కారు మీద అరగంట దూరం. అయినా ఆరేళ్లలో ఒక్క రోజు కూడా ఇద్దరూ ఒక కప్పు కింద పడుకోలేదు. శుక్రవారం రెండు గంటలు పార్కులో కూర్చుని, తెచ్చుకున్న అన్నం తిని, ఎవరి గేటుకు వాళ్లు వెళ్లిపోయేవారు.

2021 సెప్టెంబరులో అబూ నాసర్‌కు ఒక ఆలోచన వచ్చింది. వాళ్ల కుటుంబం ఏటా చలికాలంలో దుఖాన్ దారిలో ఎడారిలో గుడారాలు వేసుకుంటుంది. ఆ ఏడు వాళ్లమ్మ, మోకాళ్లు పట్టుకుపోయిన పెద్దావిడ, తానూ వస్తానని పట్టుబట్టింది. ఆమెకు గుడారం పనికిరాదు, మంచం కావాలి, పక్కనే బాత్రూం కావాలి. అందుకని మోటార్ హోమ్ ఒకటి, పాతదే, కొందామనుకున్నాడు. వాళ్లింట్లో అలాంటి బండి కొనడం అదే మొదలు. జానీతో అన్నాడట: "బండి దొరికితే నీ భార్యను మా వంటకు మార్పించుకుంటాను. అమ్మ పగటిపూట వాడుకున్న రోజులు పోను, తక్కిన ఏడాదంతా అది తోటలో ఉంటుంది. మీరిద్దరూ అందులో ఉండండి. డ్రైవర్ల గదిలో ఆడమనిషికి చోటు లేదు. బండి లేకపోతే ఈ మాట లేదు."

జానీ నాకు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాడు. "అన్నా, నువ్వొచ్చి చూసి బాగుందంటేనే కొంటాడంట. నువ్వే దిక్కు."

శుక్రవారం పొద్దున్నే అబూ నాసర్, జానీ, జమీలా, నేను నలుగురం ముజఫ్ఫర్ అలీ యార్డుకు వెళ్లాం. అతను పాత బండ్ల వ్యాపారి. పద్దెనిమిదేళ్ల బండి, తెల్లరంగు. దుఖాన్‌లో పనిచేసిన ఎవరో దొర వదిలి వెళ్లాడట. టైర్ల గీతలు కొత్తవాటిలా ఉన్నాయని జానీ మురిసిపోయాడు.

"గీతలు గాదుర, గీ తారీఖు సూడు," అన్నాను. "పుట్టి పదేండ్లయింది. నిలవడ్డ బండి గద, అరగలే. గీ ఎండకు రోడ్డు మీద పటేల్మని పగుల్తయి."

ముజఫ్ఫర్ అలీ నెత్తి గోక్కున్నాడు. "ఉస్తాద్, మీరొస్తారని తెలిస్తే ఈరోజు యార్డు తెరిచేవాణ్ణే కాదు," అని హిందీలో నవ్వి, ఆరు టైర్లూ మార్చి ఇస్తానన్నాడు. ఇంజను చూశాను, గేర్లు చూశాను, బ్రేకులు చూశాను, హైవే మీద పది కిలోమీటర్లు నడిపి తెచ్చాను. పాత సామాను, గట్టి సామాను. దిగి అబూ నాసర్‌కు బొటనవేలు చూపించాను. "మియ్యా మియ్యా." అంటే నూటికి నూరు. ఆయన సంతోషంగా ఫోన్ మాట్లాడుతూ నీడలోకి నడిచాడు.

అప్పుడు జమీలా లోపలికి ఎక్కింది. మొదట తలుపుకున్న గడియ వేసింది, తీసింది, మళ్లీ వేసింది. తర్వాత వెనకాల మంచం దగ్గరికి వెళ్లి, మాస్కు కిందికి లాగి వాసన చూసి, గోడ మీద అరచెయ్యి పెట్టింది. మా పరీక్షంతా వెలుపల, ఆమె పరీక్షంతా లోపల.

"అన్నా, ఈ గోడ మెత్తగుండాది."

"చెక్క గోడ మెత్తగ గాక ఇనుములెక్కుంటదా?"

"చెమ్మ వాసనొస్తాంది."

నాకు నవ్వొచ్చింది. "ఖతర్ల వానెక్కడిదమ్మా? ఏడాదికి రెండు జల్లులు వడితే గొప్ప. మీ రాయచోటి అనుకున్నవా?"

"మా రాయచోట్లో మాత్రం యాడుందిలే వాన! ఇది ఏసీ నీళ్లన్నా. పైన కప్పు మీదుంది సూడు. మా మేడం ఇంట్లో ఇట్లే గోడలోకి దిగి బీరువా అంతా బూజు పట్టింది. నెల్లాళ్లు తుడిసింది నేనే."

నేను బొటనవేలితో నొక్కాను. అబూ నాసర్‌కు చూపించిన వేలే. గోరు దాకా కాదు, కణుపు దాకా దిగిపోయింది. ముప్పై ఏళ్లలో నేను చూసినవన్నీ లారీలూ ట్రైలర్లే. ఇది బండే కాదు, ఇల్లు కూడా అని నా బుర్రకు తట్టలేదు.

జానీ గొంతు తగ్గించాడు. "గమ్మునుండు జమీలా. పండేది మనమే గదా, ఓర్చుకుందాం. అన్నా, నువ్వు బాగుందని చెప్పేసినావు. ఇంక ఎత్తొద్దు."

"మనమే అయితే నేను నోరు తెరవను," అంది జమీలా. "ఈ మంచం మీద పగలంతా ఆ పెద్దామె పండుకుంటుంది. ఆయమ్మకు దమ్ము జబ్బుందని నువ్వే గదా చెప్పినావు? ఈ బూజు గాలి పీలిస్తే ఏమైతాది?"

నేను బండి దిగాను. అక్కడి నుంచి నీడలో నిల్చున్న అబూ నాసర్ దాకా ఇరవై అడుగులుంటుంది. నేను నడిపిన దూరాలన్నిటిలో అదే పొడుగు.

"తప్పు చెప్పాను. కప్పు మీది ఏసీ నీళ్లు గోడలోకి దిగాయి. కనిపెట్టింది నేను కాదు, జానీ భార్య."

"ఇప్పుడేగా మియ్యా మియ్యా అన్నావు?"

"అన్నాను."

ఆయన "ఖలాస్," అని కారెక్కి వెళ్లిపోయాడు.

జానీనీ జమీలానూ నా కారులో వెనక్కి తీసుకొచ్చాను. ముఐథర్‌లో తన గేటు ముందు దిగాక జమీలా కిటికీ దగ్గరికి వంగింది. "ఆ గడియ బాగుండాదన్నా. ఆరేండ్లుగా నేను పండే గదికి లోపల గడియ లేదు." ఆ ఒక్క మాటే అని లోపలికి వెళ్లిపోయింది.

ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. మళ్లీ శుక్రవారం అబూ నాసర్ ఇంటికి వెళ్లాను. సర్టిఫికెట్లు తీసుకుపోలేదు, పనిముట్ల పెట్టె తీసుకుపోయాను. "ఇంజను మంచిది. లోపం ఒక్కటే. నా సెలవు రోజుల్లో బాగుచేస్తాను. తర్వాత తలుపులు మూసి మూడు రోజులు ఏసీ నడిపించండి. గోడ తడిస్తే తీసుకోకండి," అన్నాను.

"నీకెందుకు ఇంత కష్టం?"

"మాట జారింది నేను గదా."

ఆయన గడ్డం నిమురుకున్నాడు. "సరే. కానీ ఎండిందని చెప్పాల్సింది నువ్వు కాదు. ఆ అమ్మాయి చెయ్యి పెట్టి చెప్పాలి."

ఆ బండిని అడిగేవాళ్లు వేరే ఎవరూ లేక ముజఫ్ఫర్ అలీ ఒప్పుకున్నాడు. ఐదు శుక్రవారాలు పట్టింది. ఏసీ నీళ్లు బయటికి పోయే రంధ్రాలు దుమ్ముతో సిమెంటులా గట్టిపడి ఉన్నాయి. పొడిచి తెరిచాను. కింది రబ్బరు మార్చాను. కుళ్లిన చెక్క కోసి, మా క్యాంపు వడ్రంగితో కొత్తది వేయించాను. జానీ మొదటి శుక్రవారం రాలేదు. రెండోవారం వచ్చి మూతి ముడుచుకుని నిచ్చెన పట్టుకున్నాడు.

"నాతోని మాట్లాడకుంటె మానె, నిచ్చెన మాత్రం గట్టిగ వట్టు," అన్నాను పైనుంచి. "నేను వడితే మూడు సర్టిఫికెట్లు పాయె."

అప్పటికి నవ్వాడు.

మూడు రోజులు ఏసీ నడిచాక జమీలా లోపలికెళ్లింది. గోడ మీద అరచెయ్యి ఆనించి, ఈ మూల నుంచి ఆ మూల దాకా జరుపుకుంటూ పోయింది. మంచం కిందికి దూరి వాసన చూసింది. అబూ నాసర్ బయట జపమాల తిప్పుతూ నిల్చున్నాడు. జానీ నా మోచెయ్యి ఎప్పుడు పట్టుకున్నాడో నాకు తెలియదు.

ఆమె తలుపులోకి వచ్చింది. "ఎండింది."

"యల్లా," అన్నాడు అబూ నాసర్. అంటే ఇక కానివ్వండని.

ఇప్పుడు ఊరికి తిరిగొచ్చేశాక, మా ఇంట్లో టీవీలో ఆ స్టేడియాలు కనబడితే, ఆ దూలాలు నేను మోసినవేనని మనవలకు చూపిస్తాను. నిజమే మోశాను. కానీ కళ్లు మూసుకుంటే నాకు కనబడేది ఉమ్ సలాల్ తోటలో ఆ తెల్లబండి. ఖర్జూరపు చెట్లకూ దానికీ మధ్య దండెం కట్టి ఉండేది. ఆరేళ్లలో మొదటిసారి జానీ చొక్కాలూ జమీలా చున్నీలూ ఒకే తాడు మీద ఆరాయి.

జనవరిలో ఒక మధ్యాహ్నం నన్ను భోజనానికి పిలిచారు. వెళ్లి తలుపు కొట్టాను. లోపల గిన్నెల చప్పుడు ఆగింది.

"ఎవురు?"

"నేనమ్మా, రాజనర్సును."

"ఉండన్నా, గడియ తీస్తా."

డ్యూటీలో ఏ గేటు దగ్గరైనా ఒక్క నిమిషం ఆపితే హారన్ కొట్టేవాణ్ణి నేను.

"మెల్లగ తియ్యమ్మా, తొందరేం లేదు," అని ఎండలో నిల్చున్నాను.