సుబ్బారావు గారు లేరన్న కంప్యూటర్

నిక్షేపంలా ఎదురుగా కూర్చున్న పెద్దమనిషిని, ఆయన చుట్టాలందరి ముందే లేరని తేల్చేసిన ఘనుణ్ణి నేను. ఆ రోజు నేను నవ్వలేకపోయాను. నా వాటా కూడా మీరే నవ్వండి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో బందరులో నాకో ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. గుమ్మంలో చెప్పుల గుట్ట, లోపల ప్లైవుడ్ గదులు, మోడెం గరగర. ఇప్పుడు తలుచుకుంటే ఆ గరగర సన్నాయిలా ఉంటుంది. లైను నత్తనడక కాబట్టి మూల ఒక డీఎన్ఎస్ కంప్యూటర్ పెట్టాను. వెబ్‌సైటు పేరు చెబితే చిరునామా కనుక్కొచ్చి, గుర్తుపెట్టుకోవడం దాని పని. నేను అతితెలివికి పోయి, "అలాంటి పేరు లేదు" అన్న జవాబునీ రోజంతా గుర్తుంచుకోమన్నాను. లైను ఆదా అని!

పెడనలో కలంకారీ అద్దకం చేయించే సుబ్బారావు గారు తన పేరుతోనే వెబ్‌సైటు పెట్టించి, ప్రారంభోత్సవం నా సెంటర్లోనే అన్నారు. నేను ఉత్సాహం ఆగక పొద్దున్నే ఆ పేరు కొట్టి చూశాను. రాలేదు. తయారుచేసినవాళ్ళు ఇంకా పేరు ఎక్కించలేదట, ముహూర్తం వేళకి ఎక్కిస్తారట. సరేలెమ్మని లడ్డూలు సర్దడంలో పడ్డాను.

చుట్టాలు దిగారు. మానిటరుకి బంతిపూల దండ వేశారు. సుబ్బారావు గారు ఒంటివేలితో పేరు కొట్టారు.

"లేదంటోందేంటయ్యా?"

"లైను స్లో అండీ. మళ్ళీ నొక్కండి."

నొక్కారు. రెప్పపాటులో అదే జవాబు.

"లేదనడానికి మాత్రం భలే స్పీడుగా ఉందే!" అన్నాడు ఆయన బావమరిది.

నేను వైర్లు పీకాను, పెట్టాను, మోడెం వీపు తట్టాను. ఈలోగా బావమరిది ఎదుటి సెంటరుకి పరిగెత్తి, రోడ్డు మీంచి కేకేశాడు. "బావా! ఇక్కడ తెరుచుకుందిరోయ్!"

విడిది మార్చిన మగపెళ్ళివారిలా అందరూ దండతో, లడ్డూలతో సహా అటు తరలిపోయారు. సుబ్బారావు గారి భార్య అన్నపూర్ణమ్మ గారు ఒక్కరే ఆగారు.

"మా సైటు లేదని దీనికెవరు చెప్పారు బాబూ?"

"పొద్దున నేనే అడిగించానండీ. అప్పటికింకా లేదు."

"మళ్ళీ కనుక్కోవచ్చుగా?"

"రేపటిదాకా అడగొద్దని... నేనే చెప్పానండీ."

"బాగుందయ్యా! కడుపులో బిడ్డని పిలిచి, పలకలేదని అలిగావా?"

అప్పుడు వెలిగింది. దాని జ్ఞాపకం తుడిచేశాను. పేజీ వచ్చింది. నెమళ్ళ దుప్పటి బొమ్మ తెర పైనుంచి గీత గీతగా దిగుతుంటే, "ఆ ఎరుపు కలిపింది నేనే," అన్నారావిడ మెల్లగా. ఎదుటి సెంటర్లో చప్పట్లు. ఇక్కడ మేమిద్దరమే.

ఆ తర్వాత సుబ్బారావు గారు ఎప్పుడొచ్చినా గుమ్మంలోనే ఆగేవారు. "ఏమయ్యా, ఇవాళ నేనున్నానా? కనుక్కుని చెప్పు, లోపలికొస్తాను."

అందుకే తూర్పు తిరిగి, చెంపలేసుకుని ప్రమాణం చేశాను: ఏ యంత్రమైనా "లేదు" అంటే అయిదు నిమిషాలే నమ్ముతాను; అసలు జవాబే రాకపోతే పీక మీద కూర్చోకుండా, కాస్త కాస్త ఎడం పెంచుకుంటూ మళ్ళీ అడుగుతాను; మనిషి ఎదురుగా కూర్చుని ఉంటే మాత్రం యంత్రాన్ని అసలు అడగనే అడగను.