మా గరువు మీద మూడుకాళ్ళ గొట్టం

నా చదువు అయిదో తరగతితో ఆగిపోయింది గాని, నాలుగోది రెండుసార్లు చదివాను కనక ఏళ్ళ లెక్కన ఆరో తరగతి వాడితో సమానమే. అంత చదువున్నవాణ్ణి కాబట్టే, నిన్న టీవీలో భూమికి దగ్గరగా ఏదో పెద్ద రాయి వెళ్ళబోతోందని చెబితే ఇంట్లో అందరూ కంగారుపడుతున్నా నేనొక్కణ్ణే నవ్వుకున్నాను. అలాంటి రాయితో నాకు పాత పరిచయం.

పదేళ్ళు దాటింది. చీపురుపల్లికి ఆవల మాకో గరువు ఉండేది, మూడెకరాల మెట్ట. గోగు, వేరుశనగ పండేవి, మాకున్న భూమంతా అదే. గోగు కోతలైపోయిన రోజుల్లో ఒక సాయంత్రం కాలేజీ మాష్టారొకాయన, ఇద్దరు ఆడపిల్లలు జీపు దిగి, ఇక్కడ దీపాల వెలుగు లేదు, మూడు రాత్రులు ఆకాశం చూసుకుంటామని అడిగారు. సరేనన్నాను గాని, జీపులోంచి చుక్కలు చూసే గొట్టం, దాని కింద పెట్టే మూడుకాళ్ళ స్టాండు దిగేసరికి అనుమానమొచ్చింది. పక్క ఊళ్ళో ఫ్యాక్టరీకి భూములు పోయినప్పుడు మొదట వచ్చింది మూడుకాళ్ళ స్టాండే, తరవాత హద్దురాళ్ళకి ఎర్ర రంగు, ఆ తరవాత కాగితం. మన తరం వాళ్ళకి ఈ వరస చెప్పనక్కర్లేదు.

మా వైపు కొలతలవాళ్ళొస్తే, రంగు పుయ్యకుండా రైతు వెళ్ళి హద్దురాయి మీద కూర్చుంటాడు. నేనూ దుప్పటి కప్పుకుని మూలరాయి ఎక్కాను. పక్క జీడితోట మా బావది, ఆయన తన రాయెక్కాడు. రెండు రాత్రులు మబ్బులే. ఏమీ కనపడకపోయినా వాళ్ళు కదలకపోవడంతో నా అనుమానం రెట్టింపైంది.

మూడో రాత్రి ఆకాశం తేటపడింది. పెద్దపిల్లది నరసన్నపేట. "బాబాయ్, మంచు కురుస్తన్నాది, ఇటొచ్చి కూకో" అని పిలిచి చెప్పింది: వాళ్ళు చూసేది భూమి పక్కగా పోతున్న ఓ రాయట, గొట్టంలోనూ ఒట్టి చుక్కేనట, వేరుశనగ కాయలా పొడుగ్గా ఉంటే, తిరుగుతూ పక్క చూపినప్పుడు వెలుగు హెచ్చి, కొన చూపినప్పుడు తగ్గుతుందట, ఒక చుట్టు పూర్తయ్యేదాకా పట్టుకుంటే దాని రూపు, తిరిగే వేగం తెలుస్తాయట.

"కనపడని రాయి పొడుగు సెప్పీవోళ్ళకి, కనపడీ గరువు కొలవడం ఎంతసేపమ్మా?" అన్నాను. ఆ పిల్ల నవ్వింది, నేను నవ్వలేదు.

ఎవరూ ముట్టుకోకుండానే గొట్టం ఆ రాయి వెంట పడమరకి వాలుతూ వాలుతూ, తెల్లవారుఝామున సరిగ్గా బావ జీడితోట మీదికి తిరిగింది. "బావా, దొరికిపోనారు! నీ తోట కొలిసేస్తన్నారు!" అని అరిచి, గొట్టం ముందు దుప్పటి బార్లా చాపి నిలబడ్డాను. వాళ్ళెంత బతిమాలినా ఆ రాయి అస్తమించేదాకా కదల్లేదు.

మాష్టారు కోప్పడలేదు. ల్యాప్‌టాప్ నా వైపు తిప్పారు. రాయి వెలుగు హెచ్చుతగ్గులు చూపే చుక్కల గీత ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కుతూ, చివర తెగిపోయింది. "అరగంటైతే సుట్టు పూర్తయ్యేది. ఈ కాళీ నువ్వే బాబాయ్" అంది పిల్ల. మర్నాటికి రాయి దూరమైపోయి వాళ్ళ గొట్టానికి అందదట. సిగ్గుతో తలెత్తలేకపోయాను, అయినా జీపు మలుపు తిరగ్గానే హద్దురాళ్ళన్నీ తడిమి చూసుకున్నాను, రంగేమైనా ఉందేమోనని.

నిజంగా కొలిచేవాళ్ళు రెండేళ్ళ తరవాత, రోడ్డు కోసం, పట్టపగలే వచ్చారు. ఆ రోజు నేను బొబ్బిలి సంతలో ఎడ్లని చూస్తున్నాను. గరువులో సగం పోయింది. ఇప్పుడక్కడ వరసగా దీపస్తంభాలు, తెల్లవార్లూ పగలే. నెత్తిమీద చుక్కలు పదో పన్నెండో మిగిలాయి. చీకటి వెతుక్కుంటూ మా గరువుకి ఇంకెవరూ రారు.

నిన్న ఆ మాటే అనుకుంటూ, ఏదైతేనేం, భూమి కోసం ఒకసారి నిలబడ్డానని మా ఆవిడ దగ్గర గొప్పలు పోయాను.

"నిలబడ్డావులే!" అంది. "బూమి కొలిసినోళ్ళొచ్చిన్నాడు సంతకెల్లిపోనావు, సుక్కని కొలిసినోళ్ళకి అడ్డం పడ్డావు."