కాన్పు క్లాసుకు వెళ్లిన అత్త

ఆ ఏడు మిరప విరగపండింది. గుంటూరు యార్డు చుట్టుపక్కల షెడ్లలో తొడిమలు తీసే ఆడవాళ్లకు చేతినిండా పని. ఖాజాబీ పొద్దున్నే కొంగు ముక్కుకు చుట్టుకుని కాయల రాశి ముందు కూర్చుంటే సాయంత్రం లేచేసరికి నడుం పట్టేసేది. ఎన్నిసార్లు కడిగినా అరచేతుల మంట పోయేది కాదు.

ఒక సాయంత్రం ఆమె ఇంటికొచ్చి గడప దగ్గర కూలబడితే కోడలు సిద్దికా మంచినీళ్లిచ్చి పక్కనే కూర్చుంది. సిద్దికాకు ఏడో నెల. తొలిచూలు.

“అత్తయ్యా, ఆదివారం నాతో కొత్తపేట రావాలి.”

“చెకప్పుకా?”

“కాదు. కాన్పుకు ముందు క్లాసు చెబుతున్నారంట. మొగుడూ పెళ్లాం కలిసి వెళ్లాలి. మీ అబ్బాయేమో లారీ లోడుతో నాగపూర్ వెళ్లాడు.”

“కనడానికి కూడా క్లాసేంటమ్మా! మేమంతా ఏ బడికెళ్లి కన్నాం?”

సిద్దికా తలొంచుకుంది. చిన్న ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పే పిల్ల. వాళ్లమ్మ తమ్ముణ్ణి కని చనిపోయింది. ఏం జరిగిందని ఎవర్నడిగినా “నీకెందుకు, ఊరుకో” అన్నవాళ్లే.

“భయమేస్తోంది అత్తయ్యా. ఏం జరుగుద్దో ముందే తెలిస్తే కాస్త తగ్గుద్ది కదా.”

వాదించే ఓపిక ఖాజాబీకి లేదు. వారానికి దొరికే ఒక్క సెలవూ పోయిందనుకుంటూ సరేనంది.

అది పెద్ద ఆస్పత్రి. లిఫ్టు పాడైంది. మెట్లెక్కి పైకి చేరేసరికి ఇద్దరికీ ఆయాసం. ఏసీ గదిలో చాపల మీద కుర్ర జంటలు కూర్చున్నారు. హారిక అనే ఫిజియోథెరపీ అమ్మాయి టీవీలో ఇంగ్లీషు వీడియో పెట్టి తెలుగులో చెబుతోంది.

“మీవారు రాలేదాండీ?”

“మా అత్తయ్య వచ్చారండి.”

అందరూ ఒకసారి ఇటు తిరిగారు. ఖాజాబీ మోకాళ్లు పట్టుకుని మెల్లగా చాప మీద కూర్చుంది. భర్తలంతా భార్యల వెనక చేరి, వాళ్ల ఊపిరి లెక్కపెడుతూ పిడికిళ్లతో నడుం నొక్కాలని హారిక చెప్పింది. ఖాజాబీ చెయ్యి చాపి ఆగిపోయింది. ఆ చేతుల్లో మిరప ఘాటు ఇంకా ఉంది. కొంగు రెండు మడతలు వేసి పిడికిళ్లకు చుట్టుకుని, అప్పుడు నొక్కింది. సిద్దికా “హమ్మయ్య” అని కళ్లు మూసుకుంది. పక్కనున్న కుర్రాడు నవ్వులాటగా నొక్కి పెళ్లాం చేత తిట్లు తిన్నాడు.

చివర్లో హారిక సందేహాలు అడగమంది. మగవాళ్లు స్కానింగుల గురించి అడిగారు. ఖాజాబీ ఉన్నట్టుండి నోరు విప్పింది.

“నొప్పులప్పుడు నన్ను ఈ పిల్ల పక్కన ఉండనిస్తారా అమ్మా?”

హారిక అడ్డంగా తలూపింది. “లేబర్ రూమ్‌లోకి ఎవర్నీ రానివ్వరండి. బయటే కూర్చోవాలి.”

“మరి ఈ నొక్కడం ఎవరికోసం?”

“నేనూ అడిగి చూశానండి. ఆస్పత్రి పెద్దవాళ్లు ఒప్పుకోలేదు.” ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో సిద్దికా అడిగింది, “ఎందుకలా అడిగారు అత్తయ్యా?”

ఖాజాబీ రోడ్డు వైపు చూస్తూ నెమ్మదిగా చెప్పింది. పెళ్లైన కొత్తలో వాళ్లు పిడుగురాళ్లలో ఉండేవాళ్లు. మొగుడికి సున్నం బట్టీలో పని. తొలి కాన్పుకి ఆస్పత్రిలో చేరితే ఆమెనొక్కదాన్నే గదిలో పెట్టి తలుపేశారు.

“మా అమ్మ తలుపవతలే ఉంది. నా కేకలు ఆవిడకి వినబడుతున్నాయి, ఆవిడ ఏడుపు నాకు వినబడుతోంది. పిల్ల దక్కలేదు. మొహమన్నా సరిగ్గా చూళ్లేదు. మీ ఆయన అస్లాంకి పైన ఒకటి పుట్టిందని వాడికి కూడా తెలీదు.”

సిద్దికా ఆమెకు దగ్గరగా జరిగింది. అత్త మోచేయి పట్టుకుని అలాగే కూర్చుంది.

బుధవారం పని మానుకుని వాళ్ల వీధి అంగన్వాడీకి వెళ్లారు. అక్కడ ఆరోగ్య కార్యకర్త వెంకటరావమ్మ గర్భిణులకు జాగ్రత్తలు చెబుతుంది. గది కిక్కిరిసింది. ఒకపక్క టీకాలు వేస్తూ, ఇంకోపక్క ఐరన్ మాత్రలు పంచుతూ, పసిపిల్లల ఏడుపుల మధ్య ఆవిడ గబగబా చెప్పుకుపోయింది. సగం వినబడలేదు.

“ఇదే చాలు అత్తయ్యా. ఇంటికి దగ్గర. ఇక తిరగడం నావల్ల కాదు” అంది సిద్దికా. పాదాలు వాచి చెప్పుల్లో పట్టడం లేదు.

ఖాజాబీకీ అక్కడితో వదిలేయాలనే ఉంది. అయినా వెళ్తూ వెళ్తూ వెంకటరావమ్మను అదే ప్రశ్న అడిగింది.

“ఏటుకూరు రోడ్డులో బిందుమాధవి గారని డాక్టరున్నారు. చిన్నాసుపత్రి. తోడుగా ఒక ఆడమనిషిని రానిస్తారు. శనివారాలు ఆవిడే కూర్చుని చెబుతారంట, వెళ్లి చూడండి.”

శనివారం కూడా పని మానుకుని ఇంకో ఆటో ఎక్కారు. వరండాలో బెంచీలు, పైన ఫ్యాను. చాపల్లేవు, టీవీ లేదు. వచ్చింది ఇద్దరు ముగ్గురే. పొద్దుట్నుంచి రోగుల్ని చూసి అలిసిపోయిన డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలి చెప్పింది. సిద్దికా ధైర్యం చేసి తల్లి సంగతి అడిగింది. ఆవిడ నిటారుగా కూర్చుంది.

“కాన్పయ్యాక రక్తం ఆగకపోయి ఉంటుందమ్మా. ఇప్పుడైనా అది ప్రమాదమే, కాదని నీకు అబద్ధం చెప్పను. అందుకే మందులు దగ్గర పెట్టుకుంటాం. నీ గ్రూపు రక్తం ఎక్కడ దొరుకుతుందో ముందే కనుక్కుంటాం. అప్పటికీ ఆగకపోతే పెద్దాసుపత్రికి పంపడానికి వ్యాను ఉంటుంది.”

సిద్దికా వెక్కి వెక్కి ఏడ్చింది. కళ్లు తుడుచుకుని, “ఇక్కడికే వద్దాం అత్తయ్యా” అంది.

తిరుగు లోడు కోసం ఇంకా నాగపూర్‌లోనే ఉన్న అస్లాం ఫోన్లో గొణిగాడు. “ఏసీ క్లాసు వదిలేసి వరండా క్లాసేంటమ్మా?”

“ఒరేయ్, కూర్చునేది నువ్వు కాదు కదా” అని ఖాజాబీ ఫోను కోడలికిచ్చేసింది.

ఎండలు ముదిరాక ఒక పొద్దున నొప్పులు మొదలయ్యాయి. అస్లాం అప్పుడూ లారీ మీదే ఉన్నాడు. బిందుమాధవి గారి ఆస్పత్రిలో ఖాజాబీని కోడలి పక్కనే ఉండనిచ్చారు. కరెంటు పోయి గదంతా ఉడికిపోతోంది. ఖాజాబీ నేర్చుకున్నదాంట్లో సగం మర్చిపోయింది. ఊపిరి లెక్క తప్పింది. కోడలు మూలుగుతుంటే తనే ఏడుపు లంకించుకుంది.

“ఏడవకండి అత్తయ్యా, నొక్కండి!” అని సిద్దికా పళ్ల బిగువున కసిరింది.

ఖాజాబీ ముక్కు చీదుకుని నొక్కింది. చేతులు పడిపోతుంటే మోచేత్తో నొక్కింది. మిట్టమధ్యాహ్నం దాటాక ఆడపిల్ల పుట్టింది. రక్తం ఆగిందో లేదోనని సిద్దికా ఒకటికి రెండుసార్లు అడిగింది. ఆగిందని డాక్టరమ్మ చెప్పాకే పిల్లను చేతుల్లోకి తీసుకుంది.

సాయంత్రానికి అస్లాం దుమ్ముకొట్టుకుని పరుగున వచ్చాడు. పిల్లను ఎలా ఎత్తుకోవాలో తెలియక చేతులు చాపి నిలబడ్డాడు.

“మెడ కింద చెయ్యి పెట్టు. క్లాసుకొచ్చుంటే నీకూ తెలిసేది” అంది ఖాజాబీ. పిల్లను వాడి చేతుల్లో పెట్టి, నేల మీద తువ్వాలు పరుచుకుని పడుకుంది. వాడు ఇంకేదో అడుగుతుండగానే ఆమెకు నిద్ర పట్టేసింది.