రెండో తాళంచెవి

నార్సిసా తొమాలా అంటే నాకు మొదటినుంచీ గిట్టేది కాదు. ఈ మాట ముందే చెప్పేస్తే నయం. ఆమెను చంపేశాక గ్వయాకిల్ ఓడరేవులో ప్రతివాడూ ఆమెకు ఆప్తుడైపోయాడు. బతికున్నన్నాళ్లూ ఆమె ఎదురొస్తే వరండాలో దారి మళ్లినవాళ్లే ఇప్పుడు ఆమె ఫొటో ముందు కొవ్వొత్తులు వెలిగిస్తున్నారు. చూస్తుంటే ఒళ్లు మండుతుంది నాకు.

ఆమె మా టెర్మినల్‌లో కంప్యూటర్ విభాగానికి పెద్ద. నేను ఆమె కింద పనిచేసేవాణ్ని. కేబుళ్లు, సర్వర్లు, గేటు కెమెరాలు నా బాధ్యత. ఆమె కుర్చీ నాకు రావలసిందని నేను, నా భార్య, మా అత్తగారు ఏకగ్రీవంగా నమ్మేవాళ్లం. నిజానికి ఆ కుర్చీ ఇస్తామంటే నేను పారిపోయేవాణ్ని. కానీ కనీసం మాటవరసకైనా అడగలేదు కదా, అదీ నా మంట.

పారిపోవడం ఎందుకంటే, ఆమెకు ముందు ఆ కుర్చీలో కూర్చున్న రోములో అనే అతన్ని బస్టాపులో కాల్చి చంపారు. మా రేవు నుంచి అరటిపళ్లు యూరప్‌కి వెళతాయి. అరటిపెట్టెల మధ్య వాళ్ల తెల్లపొడీ వెళుతుంది. వాళ్లెవరో పేరు పెట్టి చెప్పను, ఇక్కడ ఎవరూ చెప్పరు. ఏ కంటెయినర్‌ను విప్పి వెతకాలో, ఏది నేరుగా ఓడ ఎక్కాలో మా కంప్యూటర్ గుర్తు పెడుతుంది. ఆ గుర్తు మారిస్తే చాలు, ఏ పోలీసూ దాన్ని ముట్టుకోడు. రోములో మొదటిసారి పిస్తోలుకు భయపడి మార్చాడు. రెండోసారి మార్చనన్నాడు. ఆ పొద్దున బస్సు దిగినవాళ్లు అతని తలలోంచి కారినదాన్ని తొక్కకుండా దాటుకుంటూ ఆఫీసులకు వెళ్లారు.

సిమెంటు మీద ఆ మరక పోకముందే నార్సిసా వచ్చి అతని కుర్చీలో కూర్చుంది. పొసోర్హాలో చేపలు పట్టేవాళ్ల ఇంటి పిల్ల. పగలు రొయ్యల కార్ఖానాలో తలలు తుంచి, సాయంత్రాలు చదువుకుని ఇంజినీరైంది. పెళ్లి లేదు. మనిషి పొట్టి, గొంతు బండ. పొద్దున్నే గేటు ఎదురుగా బండి దగ్గర నిలబడి, చేపముక్కలు, కర్రపెండలం వేసిన పులుసు మీద ఉల్లిపాయలు దట్టంగా చల్లించుకుని తాగేది. మూతి తుడుచుకుని లోపలికి వచ్చి మమ్మల్ని తిట్టడం మొదలుపెట్టేది.

అప్పటిదాకా మాకు షిఫ్టుకు ఒకే పాస్‌వర్డ్ ఉండేది. బయట లారీలు బారులు తీరి హారన్లు కొడుతుంటే, మనిషి మారినప్పుడల్లా కంప్యూటర్ మూసి తెరిచే ఓపిక ఎవడికుంది? ఆమె వాటన్నిటినీ పీకేసి ఎవరి పాస్‌వర్డ్ వాళ్లనే పెట్టుకోమంది. వారం తిరక్కుండా అందరినీ క్యాంటీన్‌లో నిలబెట్టింది.

"వాషింగ్టన్! నీ పాస్‌వర్డ్ దురాన్‌లో ఉన్న నీ చిన్నిల్లు పేరు. ఇంట్లో ఆవిడకి తెలుసా?"

క్యాంటీన్ అంతా గొల్లుమంది. నేనూ పగలబడి నవ్వాను.

"నవ్వకు బహాన్యా! నీది ఒకటి రెండు మూడు నాలుగు. నెట్‌వర్క్ చూసేవాడివి, సిగ్గు లేదూ? మీ ఆవిడ కోళ్లగూటికి ఇంతకన్నా గట్టి గడియ పెట్టుంటుంది."

ఆ రోజునుంచి నేను ఆమెను వెనక గేదె అని పిలవడం మొదలుపెట్టాను.

తిట్లు ఎలా ఉన్నా, ఆమె తెచ్చిన పెద్ద మార్పు ఒకటుంది. గుర్తు మార్చే పని ఒక్కరి చేతిలో ఉండకుండా చేసింది. ఒకరు అడగాలి, ఇంకొకరు ఒప్పుకోవాలి. అంకెలు పుట్టించే చిన్న పరికరం, చూడటానికి తాళాలగుత్తికి తగిలించే బిళ్లలా ఉంటుంది, ఇద్దరికీ చెరొకటి ఇచ్చారు. మేము వాటిని తాళంచెవులు అనేవాళ్లం. "ఒకణ్ని పట్టుకుంటే ఏమీ రాదని వాళ్లకి తెలిస్తే, ఆ ఒకణ్నీ పట్టుకోరు," అంది నార్సిసా. జనరల్ మేనేజర్ ఎర్నాన్‌గారు మురిసిపోయి ఆమెకు ఒక గాజు బొమ్మ బహూకరించారు.

మొదటి తాళంచెవి ఆమె దగ్గర. రెండోది విల్మెర్ యాగువాల్‌కి ఇచ్చింది. విల్మెర్ నెమ్మదస్తుడు, పైసా లంచం ఎరగడు. పైగా అతని కూతురికి బాప్తిస్మం ఇచ్చినప్పుడు పాపను చేతుల్లో పట్టుకున్న జ్ఞానతల్లి నార్సిసాయే. అప్పటినుంచి వాళ్లిద్దరూ కొమాద్రె, కొంపాద్రె. మా దగ్గర ఆ పిలుపు కలిసిందంటే తోబుట్టువులకన్నా ఎక్కువ. అన్న అడిగితే కాదనొచ్చు, కొంపాద్రె అడిగితే కాదనకూడదు. అంత నమ్మకస్తుడు ఇంకెవరున్నారని అతనికి ఇచ్చింది. మేమెవరమూ అందులో తప్పు చూడలేదు.

వాళ్లు చూశారు. వాళ్లూ ఈ ఊళ్లోనే పుట్టారు, వాళ్లకూ కొమాద్రెలున్నారు.

ఒక ఉదయం రొట్టెల దుకాణం ముందు విల్మెర్‌ను కారులోకి ఈడ్చుకుపోయారు. ఆ సంగతి మాకింకా తెలియదు. నేను ఏదో కెమెరా విషయమై నార్సిసా గదిలో ఆమెతో పోట్లాడుతున్నాను. ఆమె తెరమీద విల్మెర్ పేరుతో అభ్యర్థన వచ్చింది, ఫలానా కంటెయినర్ గుర్తు మార్చమని. వెంటనే ఫోన్ మోగింది.

"కొమాద్రె, నేనే." విల్మెర్ గొంతు నీళ్లు మింగుతున్నవాడిలా ఉంది. "నా వంతు అడిగేశాను. ఒప్పేసుకో. ఒప్పుకుంటే వదిలేస్తారంట."

"ఎక్కడున్నావు విల్మెర్? దెబ్బలేమైనా తగిలాయా?"

ఇంకో గొంతు అందుకుంది, మర్యాదగా. "ఇంజినీరమ్మగారూ, మీ కొంపాద్రె చేతికి వేళ్లు ఎక్కువున్నాయి. తగ్గిస్తున్నాం, వినండి."

విన్నాం. కొబ్బరిబోండాం చెక్కినప్పటి చప్పుడు, దాని వెనక విల్మెర్ కేక. నేను నా ఫోన్‌లో ఎర్నాన్‌గారికి చెప్పాను. ఒప్పుకోవద్దను, పోలీసులతో మాట్లాడుతున్నాను అన్నాడాయన. అంతలో ఇవతల ఇంకో చప్పుడు వినిపించింది. "కొమాద్రె, పాప మీద ఒట్టు, నీ కాళ్లు పట్టుకుంటాను," అని విల్మెర్ ఏడుస్తున్నాడు. నార్సిసా తన తాళంచెవిలోని అంకెలు కొట్టి ఒప్పుకుంది. నేనైతే ఒప్పుకునేవాణ్ని కాదని ఆ నిమిషంలో అనుకున్నాను. విల్మెర్ నాకేమీ కాడు కనక అలా అనుకోవడం సులువే.

కంటెయినర్ ఓడ ఎక్కింది. విల్మెర్‌ను ఊరి బయట రోడ్డు పక్క తుప్పల్లో పారేశారు, రెండు వేళ్లు తక్కువగా, ప్రాణంతో.

ఎర్నాన్‌గారు దాన్ని కరెంటు పోయిన ఖాతాలో రాసేయమన్నారు. ఆమె వినలేదు. పోలీసులకు, కస్టమ్స్‌కు తానే చెప్పి, మర్నాడు అందరినీ మళ్లీ క్యాంటీన్‌లో నిలబెట్టింది.

"నిన్న తలుపు తీసింది నేనే. వాళ్లు దొంగతనంగా రాలేదు, నేనే తీశాను. కాగితం మీద రెండు తాళాలు పెట్టాను. ఒకటి కొమాద్రెకి, ఒకటి కొంపాద్రెకి. అది ఒకటే తాళం. ఆ మాత్రం నాకు తట్టలేదు, మీలో ఎవడికీ తట్టలేదు. ఇక రోజుకొకణ్ని పట్టుకుపోతారు, ఎందుకంటే ఇక్కడ ఏడిస్తే తలుపు తీస్తారని వాళ్లకి తెలిసిపోయింది."

రాజీనామా కూడా ఇచ్చింది. ఆ కుర్చీకి ఇంకెవరూ ముందుకు రాక యాజమాన్యం దాన్ని పక్కన పెట్టింది. ఆ సాయంత్రం నన్ను గదిలోకి పిలిచి తలుపు వేసింది.

"బహాన్యా, నేనంటే నీకు ఎంత మంట?"

"అలా అడిగితే ఏం చెప్పను ఇంజినీరమ్మా?"

"నా వెనక బాగానే చెబుతావుగా. నన్ను ఆవు అన్నావంట."

"ఆవు అనలేదు. గేదె అన్నాను."

ఆమె నవ్వడం నేను మొదటిసారి అప్పుడే చూశాను. నవ్వి, విల్మెర్ తాళంచెవి నా ముందు పెట్టింది.

"ఇది నువ్వే పట్టుకోవాలి. నువ్వు నాకు చుట్టానివి కావు, స్నేహితుడివి కావు, చస్తే కాలేవు. ఊరందరికీ అది తెలియాలి. వాళ్లు నన్ను పట్టుకుంటే నువ్వు ఒప్పుకోకూడదు. నిన్ను పట్టుకుంటే నేను ఒప్పుకోను. ఇష్టమైతే తీసుకో, లేకపోతే వెళ్లు, ఏమీ అనను."

ఎందుకు తీసుకున్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. జీవితంలో మొదటిసారి నా నోటిదూలకు ఒక విలువ కట్టిన మనిషి ఆమె.

అప్పటినుంచి మేం రోజూ నలుగురిలో పోట్లాడేవాళ్లం. గేటు దగ్గర, పులుసు బండి దగ్గర, లారీ డ్రైవర్లు వింటుండగా. ఆమెకు గుక్కెడు నీళ్లు కూడా నేను పోయనని రేవంతా చెప్పుకునేది. నా కొడుకు పుట్టినరోజుకు నా భార్య ఆమెను భోజనానికి పిలిస్తే, మొహం మీదే తలుపు వేసినట్టు రానంది. నేను గదికి వెళ్లి కోప్పడ్డాను.

"మా ఆవిడ ఏడ్చింది. అంత గర్వమేంటి?"

"మీ ఇంట్లో ఒక్కపూట తిన్నానంటే ఈ పని చెడిపోతుంది బహాన్యా. మీ ఆవిడ వంట బాగుంటుందని విన్నాను. వెళ్లి పని చూసుకో."

ఆ మాట విన్నాక ఆమెను ద్వేషించడం నాకు కష్టమైపోయింది. నలుగురిలో తిట్టడం మాత్రం మానలేదు, ఇంకా గట్టిగా తిట్టేవాణ్ని.

చాలాకాలం ఎవరూ మా జోలికి రాలేదు. తర్వాత వాళ్లలో వాళ్లకే గొడవలొచ్చి పాతవాళ్లను చంపి కొత్త కుర్రాళ్లు పైకొచ్చారు. వాళ్లకు ఓపిక లేదు, ఊరి మాటలు వినే అలవాటూ లేదు. ఎండ మండిపోతున్న ఒక మధ్యాహ్నం నార్సిసా ఇంటికి భోజనానికి వెళుతుంటే, ఆమె వీధి చివర ఇనపగేటు తీస్తున్న కాపలా ముసలాయన్ని ఛాతీలో కాల్చి ఆమెను ఎత్తుకుపోయారు.

నా తెరమీద ఆమె పేరుతో అభ్యర్థన వచ్చింది. ఫోన్ మోగింది.

"బహాన్యా."

"చెప్పండి ఇంజినీరమ్మా."

"అడిగాను. నిన్ను ఒప్పుకోమంటున్నారు."

"నేను ఒప్పుకోను," అన్నాను.

"చూశారా?" అంది ఆమె వాళ్లతో. "చెబితే వినలేదు. వాడికి నేనంటే గిట్టదురా. నా శవం మీద కూర్చుని దోసెడు వేరుశెనగలు తింటాడు వాడు."

దెబ్బ వినిపించింది. బల్లో కుర్చీయో విరిగింది. ఒక కుర్రగొంతు అరిచింది. "ఒరేయ్, నీ ఇంజినీరమ్మ మొహం పచ్చడైపోయింది. పది లెక్కపెడతా. తర్వాత నువ్వే చంపినట్టు."

వాడు లెక్క మొదలుపెట్టాడు. ఆమె మూలుగుతోంది, ఆ బండగొంతులోంచి అంత చిన్న శబ్దం వస్తుందని నేను ఎన్నడూ అనుకోలేదు. నా జేబులోంచి తాళంచెవి బయటికి తీశాను. ఇచ్చిన మాట అంతా మరిచిపోయాను. సగం అంకెలు కొట్టేశాను. మీటలు నొక్కిన చప్పుడు ఆమెకు వినిపించింది.

"చెయ్యి తియ్యరా వెధవా!" రక్తం నిండిన నోటితో అరిచింది. "ఇవాళ నాకోసం ఒప్పుకుంటే రేపు నీ కొడుకుని తెస్తారు! ఎల్లుండి గేటు దగ్గర పులుసు అమ్మే ఆ పిల్లని తెస్తారు! చెయ్యి తియ్యి!"

తీశాను. వాడు లెక్క పూర్తి చేయలేదు. తుపాకీ పేలింది. కుర్చీతో సహా పడిన చప్పుడు, తర్వాత ఎవరో బూతులు తిడుతూ ఫోన్ నేలకేసి కొట్టిన చప్పుడు.

నిరాకరించాలంటే మా కంప్యూటర్ కారణం రాయమంటుంది, రాయందే వదలదు. "అడిగిన మనిషి వద్దంది," అని రాశాను.

కస్టమ్స్ వాళ్లు ఆ కంటెయినర్‌ను విప్పారు. అరటిపెట్టెల వెనక గోడ పొడుగునా పేర్చిన పొట్లాలు దొరికాయి. టీవీలో వాటి ముందు నిలబడి ఎర్నాన్‌గారు మాట్లాడారు.

పొసోర్హాలో నార్సిసా వాళ్లమ్మ ఇంట్లో శవపేటిక మూసే ఉంచారు, మొహం చూపించేలా లేదు. జనం కాఫీలు తాగుతూ గోడలవెంట కూర్చున్నారు. వేళ్లు పోయాక ఉద్యోగం మానేసి కొండల్లోని అత్తవారి ఊరికి వెళ్లిపోయిన విల్మెర్ కూడా వచ్చాడు. నన్ను చూడగానే లేచి వచ్చి, మూడు వేళ్ల చేతిని పిడికిలి బిగించి మూతిమీద గుద్దాడు. పన్ను విరిగింది. కింద పడితే కడుపులో తన్నాడు.

"నాకోసం ఒప్పుకుందిరా అది! నన్ను బతికించింది! నీ చేతికేం రోగం? ఒక్క బటన్! ఒక్క బటన్ నొక్కలేకపోయావా?"

నేను చెయ్యి అడ్డం పెట్టలేదు. తన్నుతూ తన్నుతూ అతనే ఏడుస్తూ నా పక్కన కూలబడ్డాడు. నార్సిసా వాళ్లమ్మ వచ్చి, "పెట్టెలో నా పిల్ల పడుకుని ఉంది నాయనా, మెల్లిగా," అంది.

నాకు ఇప్పటికీ ఆమెమీద కోపమే. తను మాత్రం విల్మెర్‌కోసం తలుపు తీసింది. తీయకుండా ఉండే బరువు నాకు పెట్టి వెళ్లిపోయింది. అది ఏ రకం పెద్దరికమో నాకు తెలియదు.

మొదటి తాళంచెవి తనకు కావాలని విల్మెర్ దరఖాస్తు పెట్టుకున్నాడు. ఎర్నాన్‌గారు నన్ను పిలిచి, అతను నిన్ను కొట్టాడటగా, నీకేమైనా అభ్యంతరమా అని అడిగారు. లేదన్నాను, అతనే కావాలన్నాను. వచ్చిన మొదటి రోజు విల్మెర్ నా బల్ల దగ్గర ఆగాడు.

"నిన్ను పట్టుకుపోయి నన్ను ఒప్పుకోమంటే, నేను ఒప్పుకోను. నువ్వు అరుస్తుంటే వింటూ కాఫీ తాగుతాను."

"తాగు," అన్నాను. "నేనూ అంతే."

మధ్యాహ్నం క్యాంటీన్‌లో అతను ఒక్కడే కిటికీ దగ్గర కూర్చున్నాడు. ఎడమ చేత్తో చెంచా పట్టుకోవడం ఇంకా అలవాటు కాలేదు, అన్నం ఒళ్లో పడుతోంది. వెళ్లి ఎదురుగా కూర్చుని, పాప ఎలా ఉందని అడగాలనిపించింది. ప్లేటు పట్టుకుని సగం దూరం నడిచాను. తర్వాత పక్కకు తిరిగి, వేరే బల్ల దగ్గర అతనికి వీపు పెట్టి కూర్చున్నాను.